ఖేతర్‌పాల్ ఆరు నెలలు, వాటి వెనకున్న నాలుగేళ్ళు

తెల్లవారుజామున నాలుగున్నరకి తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ కాలవగట్టు మీదికి వెళ్ళినా పరుగులు తీసే కుర్రాళ్ళు కనిపిస్తారు. 1.6 కిలోమీటర్ల పరుగు, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, కమ్మీ పట్టుకుని పైకి లేవడం. అన్నీ అగ్నివీర్ ర్యాలీ కోసమే. పరుగయ్యాక టీ కొట్టు దగ్గర చేరితే మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది. సుమారు ఆరు నెలల తర్ఫీదు, అదీ కలుపుకుని నాలుగేళ్ళ కొలువు. అంత కొద్ది తర్ఫీదుతో సరిహద్దుకి పంపితే కుర్రాడు నిలబడతాడా?

మొన్న అక్కడే ఒక కుర్రాడు నాతో అన్నాడు: "బాబాయ్ గారండీ, అరుణ్ ఖేతర్‌పాల్ గారిది మాత్రం ఎన్నాళ్ళ సర్వీసండీ? ఆరు నెలలేగా! పరమవీర చక్ర రాలేదా?"

లెక్కవరకు కుర్రాడు చెప్పింది నిజమే. అరుణ్ ఖేతర్‌పాల్ సెకండ్ లెఫ్టినెంట్‌గా సైన్యంలో చేరింది 1971 జూన్ 13న. పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ ఏటి ఒడ్డున ట్యాంకులో ప్రాణం వదిలింది అదే ఏడు డిసెంబర్ 16న. మధ్యలో ఆరు నెలల మూడు రోజులు. అప్పటికి వయసు ఇరవై ఒకటి. అగ్నివీర్‌లని తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించినప్పుడు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి అని పెట్టిన వయసు పరిమితికి సరిగ్గా అంచున ఉన్నాడు. అందుకే ఈ వాదనలో అతని పేరు ఊరికే దొర్లుతోంది. ఆ ఆరు నెలలకి ముందేముంది, ఆ రోజు అతని ముందూ పక్కనా ఎవరున్నారు అనేది మాత్రం ఎవరూ చెప్పుకోవడం లేదు. నాకు బాధ కలిగించేది అదే.

అతను 1950 అక్టోబర్ 14న పుణెలో పుట్టాడు. తండ్రి ఎం.ఎల్. ఖేతర్‌పాల్ సైన్యంలో ఇంజనీర్ల దళం అధికారి, బ్రిగేడియర్ దాకా ఎదిగాడు. అరుణ్ సనావర్‌లోని లారెన్స్ స్కూల్లో చదివి 1967లో ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి వెళ్ళాడు. అక్కడ మూడేళ్ళు, ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ. అంటే భుజం మీద నక్షత్రం పెట్టుకునేసరికే నాలుగేళ్ళు తెల్లారగట్ల లేచి, పరిగెత్తి, పటాలు చదివి, పదిమందిని నడిపించడం నేర్చుకున్నాడు. టీ కొట్టు లెక్కలో ఈ నాలుగేళ్ళు కనిపించవు.

చేరిన రెజిమెంట్ 17 పూనా హార్స్. పేరులో గుర్రం ఉన్నా ఇప్పుడున్నవి ట్యాంకులే. 1817లో పీష్వాతో ఒప్పందం మేరకు గుర్రపుదళంగా పుట్టింది, గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినా పేర్లు మారలేదు. అక్కడ సిపాయి ఇప్పటికీ సవారే, పైవాడు దఫేదారు, ఆపైన రిసాల్దారు. మన డెల్టాకి ఈ పేర్లు కాస్త దూరం. బురదచేలల్లో ఎడ్లూ దున్నలూ, కాలవల్లో పడవలూ తప్ప గుర్రాలకి ఇక్కడ పనిలేదు. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ తలపడ్డ యుద్ధం కూడా మెట్ట నేల మీదే జరిగింది. అయినా "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అన్న సామెత మనకీ ఉంది. ట్యాంకుకీ అది వర్తిస్తుంది.

ఇదే రెజిమెంట్‌లో ఆరేళ్ళ ముందు, 1965 యుద్ధంలో, లెఫ్టినెంట్ కల్నల్ ఏ.బి. తారాపోర్ ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందాడు. ఆయన సైనిక జీవితం మొదలైంది హైదరాబాద్ సంస్థానపు సైన్యంలో. అంటే అరుణ్ అడుగుపెట్టిన మెస్సులో అప్పటికే గోడ మీద ఒక ఫొటో ఉంది.

ట్యాంకు దళంలో చేరిన కొత్త అధికారి వెంటనే ట్యాంకెక్కడు. ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న అహ్మద్‌నగర్‌లోని ఆర్మర్డ్ కోర్ స్కూల్లో యంగ్ ఆఫీసర్స్ కోర్సు చెయ్యాలి. గురిపెట్టడం, వైర్‌లెస్ మీద మాట్లాడడం, ఇంజను బాగోగులు, నేలని చదవడం, అన్నీ అక్కడే. యుద్ధమేఘాలు కమ్మినప్పుడు అరుణ్ ఆ కోర్సు మధ్యలో ఉన్నాడు. సగంలో వదిలి రెజిమెంట్‌కి రావలసి వచ్చింది. కోర్సు పూర్తికానివాణ్ణి యుద్ధంలోకి తీసుకెళ్ళడానికి కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్ మొదట సుముఖంగా లేడు. కుర్రాడు బతిమాలాడు. ముందు ట్యాంకు పని గట్టిగా నేర్చుకుని తన పరీక్ష నెగ్గాలని షరతు పెట్టి, నెగ్గాకే హనూత్ సింగ్ ఒప్పుకున్నాడు.

ఆరు నెలలు చాలంటారా అన్న ప్రశ్నకి, యుద్ధం ముంచుకొస్తున్న వేళ కూడా, ఆ కమాండర్ ఇచ్చిన జవాబు ఇది. నాలుగేళ్ళు చదివొచ్చిన కుర్రాణ్ణి సైతం కోర్సు పూర్తికాలేదని ఆపాడు.

వెళ్ళేముందు ఇంటికొచ్చినప్పుడు సామానులో గోల్ఫ్ కర్రలూ ఒక నీలం సూటూ సర్దుకున్నాడట. ఎందుకురా అని తండ్రి అడిగితే, లాహోర్‌లో గోల్ఫ్ ఆడతాను, గెలిచాక విందుకి సూటు కావాలిగా అన్నాడని కుటుంబం చెప్పుకుంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్లాడి మాట అది. మన ఇళ్ళల్లో హాస్టల్‌కి బయలుదేరే కుర్రాడు కూడా పండక్కి కొన్న కొత్త చొక్కా పెట్టె అడుగున ఇలాగే పెట్టుకుంటాడు.

ఇక యుద్ధం. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో మొదలైంది. ఆ రోజుల గురించి మనవైపు పెద్దవాళ్ళనడిగితే ముందు విశాఖ చెబుతారు, ఘాజీ జలాంతర్గామి చెబుతారు, తర్వాత ఢాకాలో సంతకాలు చెబుతారు. సముద్రం మన గడప కాబట్టి అది సహజం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతోపాటు కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి, ఆ జ్ఞాపకం తీరంలో పోలేదు. పడమటి సరిహద్దు మాత్రం మనకి దూరం.

అక్కడ షకర్‌గఢ్ అనే ప్రాంతం పాకిస్తాన్ వైపు నుంచి మన వైపుకి ఉబ్బెత్తుగా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆ ఉబ్బులోంచి శత్రువు పైకొస్తే పఠాన్‌కోట్ నుంచి జమ్మూ వెళ్ళే రోడ్డు తెగుతుంది. కశ్మీర్‌కి సరుకూ సైన్యమూ వెళ్ళే దారి అదే. వాళ్ళు రాకముందే మనమే అందులోకి వెళ్ళాలన్నది మన సైన్యం ఆలోచన. 54వ పదాతి డివిజన్ ముందుకు సాగి బసంతర్ దాకా వెళ్ళింది. రావికి ఉపనది అది. దానికి రెండు వైపులా పాకిస్తాన్ సైన్యం మందుపాతరలు దట్టంగా పాతిపెట్టింది.

డిసెంబర్ 15 రాత్రి 47వ పదాతి బ్రిగేడ్ ఏరు దాటింది. 3 గ్రెనేడియర్స్ జర్పాల్ వైపు, 16 మద్రాస్ సరాజ్ చక్ వైపు. ఆ రెండో పేరు దగ్గర కాస్త ఆగాలి. మద్రాస్ రెజిమెంట్ అంటే తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్ళ రెజిమెంట్. ఆ రాత్రి ఏటి అవతల చలిలో, వెనక ఒక్క ట్యాంకు కూడా లేకుండా పల్లెలు పట్టుకుని కూర్చున్నది వాళ్ళు. వాళ్ళ కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ వేద్ ప్రకాశ్ ఘాయ్ ఎదురుదాడుల్ని తట్టుకుంటూ అక్కడే చనిపోయాడు. ఆయనకి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది.

ట్యాంకులు వాళ్ళని చేరాలంటే మందుపాతరల మధ్య దారి తెరవాలి. ఆ పని 9 ఇంజనీర్ రెజిమెంట్‌ది. అది మద్రాస్ శాపర్స్ వాళ్ళది, శాపర్ అంటే సైన్యంలో ఇంజనీరు పనిచేసే సిపాయి. 1780 నుంచీ ఉన్న దళం, దక్షిణాది కుర్రాళ్ళ దళం. ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కూడా మద్రాస్ ఇంజనీర్స్ అధికారే. మన కాలవల్లో పారే నీటికీ, ఆ రాత్రి బసంతర్ దగ్గర తెరుచుకున్న దారికీ మూలం ఒక్కచోటే ఉంది.

మా పెదనాన్న శాపర్. బసంతర్‌లో లేడు, వేరేచోట పనిచేశాడు. నా చిన్నప్పుడు చేనుగట్టు మీద గొంతుకూర్చుని, వెదురుపుల్ల చేత్తో పట్టుకుని నాకు చూపించాడు. పుల్లని నిలువుగా దింపలేదు. ఏటవాలుగా, నేలకి వాలినట్టు పెట్టి మెల్లగా లోపలికి తోశాడు. "ఒరే అబ్బాయ్, పైనుంచి పొడిస్తే దాని నెత్తిమీద పడతాది. పక్కనుంచి పోవాలి. గట్టిగా తగిలిందా, ఆగిపో. చేత్తో మట్టి తీసుకో. జానెడు నేలకి జానెడు సమయం." పుల్ల జరిపి మళ్ళీ తోశాడు. అలా మూరెడు నేల చూడడానికి ఎంతసేపు పట్టిందో, నేను విసుగొచ్చి లేచిపోయాను. అదే పని చీకట్లో, తలమీద గుళ్ళు పడుతుండగా చెయ్యడమంటే ఏమిటో చాలా ఏళ్ళ తర్వాత గాని నాకు తెలియలేదు. బసంతర్‌లో రోలర్లు తగిలించిన ట్యాంకులు కూడా వాడారు. అయినా చెయ్యి పెట్టాల్సింది మనిషే. 9 ఇంజనీర్‌కి చెందిన మేజర్ విజయ్ రతన్ చౌధరి ఆ పోరులో దారులు తెరిపిస్తూ చనిపోయాడు, ఆయనకీ మహావీర చక్ర.

దారి సగమే తెరుచుకుంది. ఈలోగా అవతల శత్రువు ట్యాంకుల కదలిక మొదలైందని కబురు వచ్చింది. పూర్తిగా శుభ్రమయ్యేదాకా ఆగితే అవతలి పదాతిదళం నలిగిపోతుంది. హనూత్ సింగ్ ఆగలేదు. మిగిలిన మందుపాతరల మీదుగానే పూనా హార్స్ ట్యాంకులు రాత్రికి రాత్రి దాటాయి. ఒక్క అంగుళం కూడా వెనక్కి రాకూడదు, ఎక్కడున్న ట్యాంకు అక్కడే పోరాడాలి అన్నది ఆయన ఆజ్ఞ.

16వ తేదీ పొద్దున ఎనిమిదికి పొగతెర చాటున పాకిస్తాన్ 13 లాన్సర్స్ ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది. మన బి స్క్వాడ్రన్ మీద ఒత్తిడి పెరిగి సాయం అడిగింది. 'ఎ' స్క్వాడ్రన్‌లో ఉన్న అరుణ్ తన సెంచూరియన్ ట్యాంకుతో వెళ్ళాడు. ఆ ట్యాంకు పేరు ఫామగుస్తా, సైప్రస్‌లోని ఒక రేవు పట్టణం పేరు. అతనితో డ్రైవర్ ప్రయాగ్ సింగ్, గన్నర్ నాథూ సింగ్, రేడియో చూసే నంద్ సింగ్. పక్కన కెప్టెన్ మల్హోత్రా, లెఫ్టినెంట్ అహ్లావత్ ట్యాంకులు. పోరు ముదిరేసరికి అహ్లావత్ ట్యాంకు దెబ్బతింది, మల్హోత్రా గన్ను మొరాయించింది. ఆ మూడింటిలో కాల్చగలిగింది ఫామగుస్తా ఒక్కటే.

దానికీ దెబ్బ తగిలి మంటలు లేచాయి. దిగిపొమ్మని పై అధికారి వైర్‌లెస్‌లో చెప్పాడు. వదలనని, గన్ను ఇంకా పనిచేస్తోందని అరుణ్ బదులిచ్చాడు. ఆ తర్వాత రేడియో కట్టేశాడంటారు. అతను కొట్టిన నాలుగు ట్యాంకుల్లో చివరిది వంద మీటర్ల దూరంలోకి వచ్చేసింది. అప్పుడే ఇంకో గుండు ఫామగుస్తాకి తగిలింది. నంద్ సింగ్, అరుణ్ చనిపోయారు. ప్రయాగ్ సింగ్, నాథూ సింగ్ బతికారు. ఆ దారిన ఒక్క శత్రువు ట్యాంకూ లోపలికి రాలేదు.

అదే రోజు సాయంత్రం ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మర్నాడు పడమటివైపూ కాల్పులు ఆగాయి. దేశమంతా పండగ. ఢిల్లీలో ఖేతర్‌పాల్ ఇంట్లో మాత్రం కొడుకు సెలవు మీద వస్తాడని ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. కబురు చేరేసరికి చాలా రోజులు గడిచాయి. పరమవీర చక్ర ప్రకటించిన నాటి రాష్ట్రపతి వి.వి. గిరి, తెలుగువాడు.

ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2001లో, ఎనభై దాటిన బ్రిగేడియర్ ఖేతర్‌పాల్ తాను పుట్టిన సర్గోధా చూద్దామని పాకిస్తాన్ వెళ్ళాడు. లాహోర్‌లో ఆతిథ్యమిచ్చిన బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్ ఆఖరి రోజు రాత్రి పెద్దాయన్ని తోటలో కూర్చోబెట్టి, మీ అబ్బాయి ట్యాంకుని కొట్టింది నేనే అని చెప్పాడు. కొడుకు వెళ్ళాలనుకున్న ఊళ్ళో తండ్రి విన్న మాట అది. ఇద్దరూ సైనికులు. పెద్దాయన అతన్ని నిందించలేదు.

గూడెం మండలంలో మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటే చాలు, బస్సు కండక్టర్‌కి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి తొంభైమంది, రెండోదానికి పదకొండువందల పైచిలుకు మంది వెళ్ళారని ఊళ్ళో లెక్క చెబుతారు. అక్కడి ఇళ్ళల్లో తర్ఫీదు అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తాతలు కొందరు ఇంటికి తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. మధ్యలో తేడా ఎక్కడొచ్చిందో ఆ ఆడవాళ్ళు తరతరాలుగా ఆలోచించారు.

టీ కొట్టు దగ్గర కుర్రాడికి ఇదంతా చెప్పాను. నాలుగేళ్ళ చదువు, కల్నల్ పెట్టిన పరీక్ష, ముందు నేల తడిమిన శాపర్లు, చలిలో కూర్చున్న 16 మద్రాస్. విన్నాడు. కాసేపాగి అడిగాడు: "మరి ఆ కోర్సు ఆయన పూర్తి చెయ్యనేలేదాండీ?"

చెయ్యలేదు. ఫామగుస్తా మాత్రం ఆ బడికే చేరింది. యుద్ధం తర్వాత తిరిగొచ్చి, బాగుచేయించుకుని, అహ్మద్‌నగర్ ఆర్మర్డ్ కోర్ స్కూల్లో ఉంది. కొత్తగా నక్షత్రం పెట్టుకున్న కుర్రాళ్ళు ఏటా యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి అక్కడికే వస్తారు.