తొలిచే లేజర్‌కు బిగించే చుక్కలు తోడైన కథ

కళ్లద్దాలు వదిలించుకుందామని వెళ్లినవాళ్లను ఇప్పుడు కొన్ని కంటి ఆస్పత్రుల్లో ఇంకో మాట కూడా అడుగుతున్నారు: లాసిక్‌తోపాటు క్రాస్‌లింకింగ్ కూడా చేసేయమంటారా అని. మొదటిది కార్నియాను, అంటే కంటి ముందరి పారదర్శక పొరను, లేజర్‌తో పలచన చేసేది, రెండోది గట్టిపరిచేది. ఎదురుబొదురు పనులు రెండూ ఒకే బల్ల మీదికి రావడానికి ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

లేజర్ కథ 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో మొదలైంది. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఎక్సైమర్ లేజర్ ప్రయోగించి చూశారు. చుట్టూ కమిలిన గుర్తు లేకుండా కోత పడింది. తర్వాత పదేళ్లలోపే అది కార్నియాను చెక్కే పనిముట్టయింది. పలచటి మూత లేపి, కింద చెక్కి, మళ్లీ మూసేయడమే లాసిక్.

చిక్కంతా మందంతోనే. కార్నియా మధ్యభాగం సగటున 540 మైక్రాన్లు ఉంటుంది, అంటే అరమిల్లీమీటరు పైచిలుకు. మూతకు నూటపాతిక దాకా పోతాయి. అది తిరిగి అతుక్కున్నా మునుపటి బలం ఇవ్వదు. ఒక్కో పవర్‌కు ఇంకో పన్నెండు పదిహేను మైక్రాన్లు కరుగుతాయి. మిగిలిన పొర చాలక కార్నియా ముందుకు ఉబికిన కళ్ల గురించి 1998లో కంటి డాక్టర్ థియో సైలర్ బృందం రాసింది. 1985లోనే మనిషి కంటిపై ఈ లేజర్ వాడిన తొలివారిలో సైలర్ ఒకరు కాబట్టి ఆ హెచ్చరికకు బరువెక్కువ.

మందు వెతికినవారిలోనూ ఆయనే ఉన్నారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో స్పోర్ల్, వోలెన్‌సాక్‌లతో కలిసి కెరటోకోనస్‌కు, అంటే కార్నియా దానంతటదే పలచబడి శంకువులా ఉబికే జబ్బుకు, క్రాస్‌లింకింగ్ రూపొందించారు. కార్నియా పైపొర గీకేసి, పసుప్పచ్చటి రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు అరగంట వేసి, ఇంకో అరగంట అతినీలలోహిత కాంతి పెడతారు. కార్నియాను నిలబెట్టే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య కొత్త బంధాలు పడతాయి. తర్వాత రెండు మూడు రోజులు కంట్లో మంట, నీళ్లు తప్పవు. 2003లో ప్రచురించిన 23 కళ్లలోనూ జబ్బు ముదరడం ఆగింది.

ఆగింది సరే, చూపు మాటేమిటి? ఏథెన్స్‌లో కంటి సర్జన్ కనెల్లోపౌలోస్ అక్కడ పట్టుకున్నారు. కెరటోకోనస్ కంట్లో కార్నియా వంకరను 50 మైక్రాన్లు మించకుండా లేజర్‌తో సరిచేసి, అదే రోజు క్రాస్‌లింకింగ్ చేశారు. 2009లో 325 కళ్లను పోల్చి, విడివిడిగా చేసినదానికంటే ఒకేసారి చేస్తేనే మేలన్నారు. ముందే గట్టిపరిస్తే, బలపడిన పొరనే తర్వాత లేజర్ చెక్కేస్తుంది మరి. ఇక్కడ గురి అద్దాలు పోగొట్టడం కాదు. అద్దాలతోనైనా సరిగ్గా కనబడటం. ఆ కొలతతో చూస్తే ఫలితాలు మంచివే, మసక పొర రావడమనే ఇబ్బంది కొందరికి ఉన్నా.

ఆరోగ్యమైన కంటికి లాసిక్ చివర్లో నిమిషంన్నర క్రాస్‌లింకింగ్ తగిలించే 'లాసిక్ ఎక్స్‌ట్రా' వేరే సంగతి. చూపు మామూలు లాసిక్‌కు దీటుగానే వస్తోంది. కానీ ఉబ్బు అసలే అరుదు కాబట్టి, దాన్ని ఆపిందని తేల్చాలంటే వేల కళ్లను ఏళ్ల తరబడి చూడాలి. ఇది చేయించుకున్నాక కూడా ఉబ్బిన కేసులు నమోదయ్యాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో క్రాస్‌లింకింగ్‌ను ఒప్పుకున్నది ముదురుతున్న కెరటోకోనస్‌కూ, ఆపరేషన్ తర్వాతి ఉబ్బుకూ మాత్రమే, ముందుజాగ్రత్తకు కాదు.

నా లెక్కలో, స్కాన్‌లో కెరటోకోనస్ అనుమానం కనిపించిన కంటికి ఈ అదనపు నిమిషంన్నర లాసిక్ అర్హత తెచ్చిపెట్టదు. అలాంటివారికి కార్నియాను చెక్కకుండా కంటిలోపల అమర్చే లెన్సు గురించి డాక్టర్‌ను అడగొచ్చు.