పానగల్లు చెరువులో పైకి లేచే పాచి

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఉదయ సముద్రం చెరువు ఒడ్డున, నీళ్లు కదలకుండా మోకాలి లోతు కూడా లేని మూలలో, ఉదయం 7 గంటలకు చూస్తే పాచి అడుగు బురదను అంటిపెట్టుకొని ఉంటుంది. అదే చోటికి మధ్యాహ్నం 12 గంటలకు వెళితే, ఆ పాచే నీటి మీద దూది పరుపులా ఉబ్బి తేలుతుంటుంది. ఎవరూ దాన్ని కదపలేదు. ఎండ ఎక్కిన కొద్దీ కిరణజన్య సంయోగక్రియలో అది వదిలిన ఆక్సిజన్ బుడగలు పోగుల మధ్య చిక్కుకొని మొత్తం చాపను పైకి ఎత్తాయి. పొద్దు గూకి బుడగలు జారిపోయాక అందులో చాలా భాగం మళ్లీ దిగిపోతుంది. ఒకే చోట కూర్చొని గంటకొకటి చొప్పున తీసిన ఆరు ఫోటోలను పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నుంచి శైవలాల (పాచి, నాచు వంటి వాటిని శాస్త్రంలో పిలిచే పేరు, ఆల్గే) మీద నాకు విడువని ఇష్టం ఏర్పడింది. ఆ రోజు మేకలను నీళ్లకు తోలుకొచ్చిన ఒక పెద్దాయన, "పాచిని ఫొటో దీస్తున్నవేంది బిడ్డా?" అని అడిగి, నేను చూపిన బుడగలను చాలాసేపు వంగి చూశాడు.

మనకు ఇదంతా పాచే. గోలెం గోడకు పట్టినా, దిగుడు బావి మెట్ల మీద కాలు జార్చినా, చెరువు నిండా పరుచుకున్నా అదే మాట. అయితే ఆ ఒక్క మాట కింద దగ్గరి చుట్టరికం కూడా లేని జీవులు ఎన్నో ఉన్నాయి. పానగల్లులో నేను చూసిన పోగుల్లాంటి స్పైరోగైరా నేల మీది మొక్కల వంశానికి దగ్గరిది; నీలి ఆకుపచ్చ శైవలాలు అసలు బాక్టీరియా జాతివి; రాళ్లకు గోధుమ రంగు జిగురులా పట్టే డయాటమ్‌లు ఈ రెండింటికీ చెందక, గాజులాంటి సిలికా పెంకులో బతుకుతాయి.

ఫోటోకు ఖరీదైన కెమెరా అవసరం లేదు. నీటి మీద ఆకాశం మెరుస్తుంటే లోపలిదేదీ కనిపించదు కాబట్టి, గొడుగు నీడ పట్టాలి, లేదా పోలరాయిడ్ చలువ అద్దాన్ని ఫోన్ కెమెరా ముందు పెట్టి మెరుపు తగ్గేదాకా తిప్పాలి. ముందు చెరువు మూల అంతా కనిపించేలా ఒకటి, తరువాత రూపాయి బిళ్ల పక్కన పెట్టి దగ్గరగా ఒకటి తీయాలి. చిటికెడు పోగులను తెల్లని పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసి విడదీస్తే, చెరువులో ముద్దగా ఉన్నది ఒక్కో దారంగా విచ్చుకుంటుంది. జారుడుగా, పట్టులా తగిలితే అది స్పైరోగైరా కావచ్చు. కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ సూక్ష్మదర్శినిని ఫోన్‌కు తగిలించి చూస్తే, దాని ఒక్కో కణంలో పచ్చని నాడా మెలికలు తిరిగి ఉంటుంది. ఇంత అందమైన దృశ్యం మన ఊరి కాలువలోనే ఉందని పిల్లలకు ఒక్కసారైనా చూపించాలి.

ఫోటోకూ శైవలాలకూ ఉన్న అనుబంధం పాతదే. 1843లో ఇంగ్లండుకు చెందిన అన్నా అట్కిన్స్ సముద్రపు నాచును రసాయనం పూసిన కాగితం మీద పరిచి, ఎండలో ఉంచి, నీలి నేపథ్యంలో తెల్లని ముద్రలు తీసింది. ఫోటో చిత్రాలతో వచ్చిన తొలి పుస్తకంగా చెప్పుకునేది ఆ ముద్రల సంపుటినే.

చెరువు దాటి వస్తే మన గ్రానైటు గుట్టలున్నాయి. వాన నీరు జారే దారిలో బండల మీద పైనుంచి కిందికి దిగే నల్లని చారలు తరచుగా నీలి ఆకుపచ్చ శైవలాలవే. మే నెల ఎండకు మాడకుండా అవి తమ తొడుగులో స్కైటోనెమిన్ అనే వర్ణకాన్ని నింపుకుంటాయి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది అదే.

ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. నీటి మీద పచ్చ రంగు పెయింటు ఒలికినట్టు ఉంటే చేతితో ముట్టకుండా కర్ర ముంచి చూడాలి. కర్రకు దారాలు వేలాడితే భయం తక్కువ. పెయింటులా పూసుకుంటే మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ శైవలం కావచ్చు. కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని అది తయారు చేయగలదు కనుక పశువులను అక్కడ నీళ్లు తాగనివ్వకూడదు. చిన్న చిన్న ఆకులు అంటుకుంటే అది శైవలమే కాదు, అజొల్లా వంటి నీటి మొక్క.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం ఎండాకాలంలో వాడక మానేసిన గోలెం. నీళ్లు ఇంకుతుంటే అడుగున ఇటుక రంగు పొర మిగులుతుంది. తుప్పు అనుకొని గీకేస్తాము. ఇలాంటి చోట్ల హెమటోకాకస్ అనే పచ్చని శైవలం, ఎండకూ కరువుకూ తట్టుకోవడానికి గట్టి గోడ కట్టుకొని, అస్టాజాంతిన్ అనే ఎర్ర వర్ణకాన్ని కూడబెట్టుకుంటుంది. ఉడికిన రొయ్యకు ఎరుపు ఇచ్చేదీ ఇదే వర్ణకం. మృగశిర కార్తెలో తొలి వాన గోలెంలో నిలిచిన తరువాత రోజూ ఒక చుక్క తీసి చూస్తూ ఉంటే, ఆ ఎర్రని గుండ్రని కణాలు పగిలి, రెండేసి కశాభాలతో (కొరడాల్లాంటి సన్నని తోకలతో) ఈదే పచ్చని కణాలు బయటికి వస్తాయి.