రేషన్ కార్డు: ధర మారుతూ వచ్చింది, అర్హత ఎక్కడ ఆగింది?

1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పటి నుంచి కంట్రోల్ బియ్యం గురించిన గొడవంతా ధర చుట్టూనే తిరిగింది. 3.50 అయింది, 5.25 అయింది, 2008లో వైఎస్ మళ్ళీ 2 రూపాయలకు తెచ్చారు, 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయి చేశారు, ఇప్పుడు ఉచితం. కార్డు ఎవరికివ్వాలన్న సంగతి ఎప్పుడూ వెనకే ఉండిపోయింది. పేదోళ్ళకు దెబ్బ తగిలింది అక్కడే.

తెలంగాణ వచ్చాక 2014లో ఒక మంచి పని జరిగింది. కార్డుకు ఏడాది ఆదాయ పరిమితిని ఊళ్ళల్లో 60 వేల నుంచి లక్షన్నరకు, పట్టణాల్లో 75 వేల నుంచి 2 లక్షలకు పెంచారు. భూమి తరి (మాగాణి) అయితే మూడున్నర ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే ఏడున్నర దాకా ఉండొచ్చన్నారు. 2015 జనవరి నుంచి మనిషికి 4 కిలోల బదులు 6 కిలోలు ఇచ్చి, ఇంటికి 20 కిలోలే అన్న కట్టడినీ ఎత్తేశారు.

ఆ తర్వాత కొత్త కార్డులకు దారి మూసుకుపోయింది. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు అమ్మగారింటి కార్డులో తీసేసేవాళ్ళు, అత్తగారింటి కార్డులో ఎక్కేది కాదు. పిల్లలు బడికి పోయే వయసొచ్చినా పేర్లుండేవి కావు, అన్నదమ్ములు వేరుపడితే కొత్త సంసారానికి కార్డు వచ్చేది కాదు. మీసేవలో దరఖాస్తు పెట్టి ఆ రసీదు దాచుకుని ఏళ్ళకేళ్ళు ఎదురుచూసినోళ్ళు వరంగల్‌లో ఏ వాడకు పోయినా కనిపిస్తారు. మధ్యలో 2021లో, హుజూరాబాద్ ఉప ఎన్నికకు ముందు, సుమారు 3 లక్షల కార్డులిచ్చారు, అంతే. ఇంకోవైపు ఇంటికొచ్చి చూడకుండానే రద్దు చేసిన కార్డులు 19 లక్షల దాకా తేలితే, వాటిని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పోయింది బియ్యం ఒక్కటే అయితే ఎట్లనో తట్టుకునేవాళ్ళు, కానీ ఆరోగ్యశ్రీకి కార్డే ఆధారం, 2024లో వచ్చిన 500 రూపాయల గ్యాస్, 200 యూనిట్ల ఉచిత కరెంటు కూడా కార్డున్నోళ్ళకే.

కొత్త కార్డులు ఎందుకు ఆపారంటే, నాకు తెలిసి ఖర్చు. 2013 ఆహార భద్రత చట్టం కింద కేంద్రం తెలంగాణలో దాదాపు 1.91 కోట్ల మందికి, మనిషికి 5 కిలోల లెక్కన ఇస్తుంది, ఆ సంఖ్య 2011 జనాభా లెక్కల మీద కట్టింది. ఆరో కిలో, ఆ లెక్కలోకి రాని వాళ్ళ బియ్యం మొత్తం రాష్ట్రమే భరించాలి.

2025లో తలుపు తెరుచుకుంది. జనవరి 26న కొత్త కార్డులు మొదలై జులైలో పెద్ద ఎత్తున పంచారు, ఏప్రిల్ నుంచి సన్నబియ్యం వస్తోంది. ఇది నిజంగా గొప్ప మార్పే. కానీ ఆదాయ పరిమితి మాత్రం 2014 నాటిదే. ఊళ్ళో భార్యాభర్తలిద్దరూ రోజుకు చెరో 300 కూలికి నెలలో 25 రోజులు పోతే ఏడాదికి లక్షా 80 వేలు, అంటే లెక్క ప్రకారం వాళ్ళు పేదలు కారు! కేంద్రం కోటా పెరగాలంటే 2027 జనగణన దాకా ఆగక తప్పదేమో గానీ, ఈ లక్షన్నరను మార్చడం రాష్ట్రం చేతిలోనే ఉంది, 2014లో మార్చినట్టే ఇప్పుడూ ఒక జీవో చాలు.