బేస్‌కి ఫజ్ పెడల్ ఎంచుకోవడం: అపోహలు, వాస్తవాలు

నేను బేస్ గిటార్ వాయిస్తాను, పాడైన పెడల్స్ విప్పి బాగుచేస్తాను. ఫజ్ అంటే కాలితో తొక్కితే వాయిద్యం శబ్దాన్ని బొంగురుగా, చిరిగినట్టు మార్చే పెడల్. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్ని రకాల పాటలకూ పనికొచ్చే ఫజ్ ఒకటి చెప్పండి." ఏదో ఒక పేరు చెప్పి పంపడం తేలికే. కానీ అలా కొన్నవాళ్లు రెండు వారాలకే తిరిగొచ్చి, "గదిలో అద్భుతంగా ఉంది, బ్యాండ్‌తో వాయిస్తే నేనసలు వినిపించట్లేదు" అంటారు.

ఆ దెబ్బ నేనూ తిన్నాను. మొదటిసారి ఫజ్‌తో స్టేజీ ఎక్కినప్పుడు, పాట ఉధృతంగా లేవాల్సిన చోట పెడల్ తొక్కాను. పాట లేవలేదు సరికదా, ఉన్నట్టుండి పలచబడిపోయింది. డ్రమ్మర్ తలెత్తి నావైపు చూశాడు. కాళ్ల కింద నేల లాగేసినట్టు అనిపించిందని తర్వాత చెప్పాడు. అప్పట్నుంచి ఏ ఫజ్ చేతికొచ్చినా నేను మొదట చూసేది ఒక్కటే. అది మోగుతున్నప్పుడు కూడా బేస్ తన పని తాను చేస్తోందా? అన్నిచోట్లా పనికొచ్చే ఫజ్ అంటే నాకు అర్థం అదే. మిగతావన్నీ దాని తర్వాతే. ఈ విషయంలో తరచూ వినే కొన్ని అపోహలు, నా అనుభవంలో తేలిన వాస్తవాలు ఇవి.

అపోహ: ఫజ్ గిటార్ వాళ్ల సొత్తు, బేస్‌కి తర్వాత తగిలించారు.

ఫజ్ పెడల్ పుట్టుకకు కారణమైన శబ్దం వచ్చిందే ఒక బేస్ నుంచి. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ 'డోంట్ వర్రీ' పాట రికార్డు చేస్తుండగా గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బేస్, మిక్సింగ్ కన్సోల్‌లో పాడైన ఒక ఛానెల్ గుండా వెళ్లి బొంగురుగా, చిరిగిన శబ్దంతో బయటికొచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో ఆ పాట పెద్ద హిట్. రికార్డింగ్ ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ తర్వాత అదే శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో తెప్పించే సర్క్యూట్ తయారు చేయించాడు. అదే 1962లో గిబ్సన్ సంస్థ అమ్మిన మాయెస్ట్రో ఫజ్-టోన్.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. 1965లో బీటిల్స్ 'థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్' పాటలో పాల్ మెకార్ట్నీ ఫజ్ బేస్ వాయించాడు. శ్రద్ధగా వింటే అందులో రెండు బేస్‌లు వినిపిస్తాయి. ఒకటి ఫజ్ లేని మామూలు (క్లీన్) బేస్, దాని మీద ఇంకో ఫజ్ బేస్. ఫజ్ ఎంత అరిచినా కింద క్లీన్ బేస్ పాటను మోస్తూనే ఉంది. ఈనాడు బేస్ ఫజ్‌లలో కనిపించే బ్లెండ్ నాబ్ (క్లీన్, ఫజ్ శబ్దాలను కలిపేది) చేసేది సరిగ్గా ఆ పనే.

అపోహ: ఫజ్ అంటేనే కింది స్వరాలు పోతాయి. గిటార్ కోసం చేసిన ఫజ్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

అందరూ నమ్మే అపోహ ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఫజ్ చేసే పని శబ్ద తరంగం తలను, పాదాన్ని నరికేయడం. గుండ్రంగా ఉండే అల దాదాపు చదరంగా మారుతుంది. అలా మారినప్పుడు మూల స్వరం (తీగ అసలు శ్రుతి) మాయమైపోదు. కచ్చితమైన చదరపు అలలో మూల స్వరమే అన్నిటికంటే బలమైనది. దాని మీద మోగే ఉపస్వరాల్లో (హార్మోనిక్స్) మూడోది అందులో మూడో వంతు, ఐదోది ఐదో వంతు బలంతో ఉంటాయి. లెక్క ప్రకారం కింది స్వరం అక్కడే ఉంది. మరి వినిపించదెందుకు?

మొదటి కారణం మన చెవి. లావు ఇ తీగ మూల స్వరం సుమారు 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో బి తీగది 31 హెర్ట్జ్. అంత కిందనున్న శబ్దాలకు మన చెవి మొద్దు, పైనున్న హార్మోనిక్స్‌కు చురుకు. ఫజ్ తొక్కగానే పైవన్నీ ఒక్కసారి లేస్తాయి, "అమ్మో, సౌండ్ ఎక్కువైంది" అని వాల్యూమ్ తగ్గిస్తాం. వాటితో పాటు మూల స్వరమూ తగ్గిపోతుంది. అంటే కింది స్వరాన్ని తగ్గించింది చాలాసార్లు మన చెయ్యే.

రెండో కారణం తీగ మీటిన తొలి క్షణంలో వచ్చే దెబ్బ. క్లీన్ బేస్‌లో ఆ దెబ్బ మిగతా స్వరం కన్నా చాలా ఎత్తు లేస్తుంది. బేస్ డ్రమ్‌తో కలిసి గుండెకు తగిలేది అదే. ఫజ్ ఆ శిఖరాన్ని నరికేసి స్వరమంతా ఒకే ఎత్తులో నిలబెడుతుంది. స్వరం ఉంటుంది, దెబ్బ ఉండదు.

మూడోది సర్క్యూట్‌లోని కెపాసిటర్లు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి సిగ్నల్ దాటించే కెపాసిటర్ చిన్నదైతే కింది ఫ్రీక్వెన్సీలను ఆపేస్తుంది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తర్వాత 10 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటే కోత దాదాపు 160 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. బేస్‌లో సన్నదైన జి తీగే 98 హెర్ట్జ్! అదే చోట 1 మైక్రోఫారడ్ పెడితే కోత 16 హెర్ట్జ్‌కి దిగిపోతుంది.

కాబట్టి పెడల్ మీద గిటార్ అని రాసుందా, బేస్ అని రాసుందా అన్నది ఏమీ తేల్చదు. ఫజ్ ఫేస్ అనే పెడల్ 1966లో గిటార్ కోసమే వచ్చింది. దాని ఇన్‌పుట్ కెపాసిటర్ 2.2 మైక్రోఫారడ్. అవుట్‌పుట్‌లో 0.01 మైక్రోఫారడ్, దాని తర్వాత 500 కిలోఓమ్‌ల వాల్యూమ్ నాబ్. లెక్క వేస్తే కోత సుమారు 32 హెర్ట్జ్. అంటే నాలుగు తీగల బేస్ మొత్తం దాని గుండా దాటుతుంది. మరోపక్క "బేస్" అని పేరు పెట్టుకున్న పెడల్స్‌లో పాత గిటార్ సర్క్యూట్‌కి ఒక్క కెపాసిటర్ మార్చి ఊరుకున్నవి నేను విప్పి చూశాను.

అపోహ: బ్లెండ్ నాబ్ ఉంటే ఇక దిగుల్లేదు.

బ్లెండ్ ఉండటం మంచిదే. ఒక్క పెడల్‌తోనే అన్ని రకాల పాటలూ నెగ్గుకురావాలంటే నేను బ్లెండ్ ఉన్నదే తీసుకోమంటాను. కానీ బ్లెండ్ ఉన్నంత మాత్రాన సరిపోదు, అది సరిగ్గా కలపాలి.

ట్రాన్సిస్టర్ ఉన్న సాధారణ గెయిన్ స్టేజీ (సిగ్నల్‌ను పెంచే భాగం) ప్రతిదీ తరంగాన్ని తలకిందులు చేస్తుంది. అలాంటివి రెండో నాలుగో ఉంటే మళ్లీ నిటారుగా బయటికొస్తుంది. ఒకటో మూడో ఉంటే తలకిందులుగానే వస్తుంది. దాన్ని తీసుకెళ్లి నిటారుగా ఉన్న క్లీన్ సిగ్నల్‌తో కలిపితే ఒకటి పైకి తోస్తుంటే ఇంకొకటి కిందికి లాగుతుంది. ముందు చచ్చేది మూల స్వరమే. కింది స్వరం నిలబెట్టడానికి పెట్టిన నాబ్ దాన్నే మింగేస్తుంది. మంచి డిజైన్‌లో దీన్ని సరిచేస్తారు, అన్నిట్లోనూ కాదు. కొన్ని విడి బ్లెండ్ పెడల్స్‌లో ఫేజ్ స్విచ్ (తరంగాన్ని తలకిందులు చేసేది) ఇచ్చేది ఇందుకే.

దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఓపెన్ ఇ తీగ (వేలితో నొక్కకుండా) మీటి, బ్లెండ్‌ను పూర్తి క్లీన్ నుంచి పూర్తి ఫజ్ వరకు మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా శబ్దం బోలుగా, పలచగా అయిపోతే ఆ పెడల్‌కి ఫేజ్ సమస్య ఉంది. పక్కన పెట్టేయండి.

ఫేజ్ బాగానే ఉన్నా ఇంకో చిక్కు ఉంటుంది. క్లీన్, ఫజ్ రెండూ నూనే నీళ్లలా విడివిడిగా తేలుతుంటాయి, ఇద్దరు వేర్వేరు మనుషులు వాయిస్తున్నట్టు. దీనికి నాకు తెలిసిన మంచి మందు, క్లీన్ వైపు పై ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గించి, ఫజ్ వైపు కింది ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గించడం. అప్పుడు అడుగు క్లీన్‌ది, గొంతు ఫజ్‌ది అయి ఒకే వాయిద్యంలా వినిపిస్తుంది. డీలక్స్ బేస్ బిగ్ మఫ్ లాంటి కొన్నిట్లో ఈ విభజనకు ఏర్పాటు లోపలే ఉంది. మీ పాటల్లో ఫజ్ చాలాసేపు ఆన్‌లోనే ఉండేట్టయితే ఈ ఒక్క సౌకర్యం కోసం కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు.

అపోహ: ఒంటరిగా వాయిస్తే బ్రహ్మాండంగా ఉన్నదే మంచి ఫజ్.

ఒంటరిగా ఉన్నప్పుడు కింద గుమ్మని, పైన జర్రుమని, మధ్యలో ఖాళీగా ఉండే శబ్దం చెవికి భలే ఇంపుగా ఉంటుంది. 1969లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ తెచ్చిన బిగ్ మఫ్ స్వభావం అది. టోన్ నాబ్ నడిమధ్య ఉంటే 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల లోయ ఉంటుంది. దాని రష్యన్ ఆకుపచ్చ వెర్షన్ అంటే బేస్ వాళ్లకు ప్రాణం, కింద అంత నిండుగా ఉంటుంది కాబట్టి. నాకూ ఇష్టమే. కానీ రెండు గిటార్లు, కీబోర్డు, గొంతు కలిసిన చోట బేస్ ఏ స్వరం వాయిస్తోందో తెలిసేది ఆ మధ్య భాగం వల్లే. కింది భాగాన్ని బేస్ డ్రమ్, పైభాగాన్ని సింబల్స్ కప్పేస్తాయి. మధ్యలో ఏమీ లేకపోతే మీరు లేనట్టే. అందుకే మిడ్ (మధ్య ఫ్రీక్వెన్సీల) నాబ్‌కో, మిడ్ స్విచ్‌కో నేను చాలా విలువిస్తాను. అది లేని పెడల్ అయితే తర్వాత ఒక ఈక్యూ (ఫ్రీక్వెన్సీలను విడివిడిగా పెంచి తగ్గించే పెడల్) పెట్టుకోవాలి.

ఇక్కడే ఇంకో మాట. చాలా బేస్ క్యాబినెట్లలో (స్పీకర్ పెట్టెల్లో) పై ఫ్రీక్వెన్సీల కోసం ట్వీటర్ ఉంటుంది, గిటార్ క్యాబినెట్‌లో ఉండదు. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక తనంతట తానే తగ్గిపోతుంది, ఫజ్‌లోని కరుకుదనం అక్కడే వడపోత అవుతుంది. అదే ఫజ్‌ను ట్వీటర్‌లోంచో, డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కి పంపే పెట్టె) నుంచి నేరుగా పీఏలోకో (హాలు సౌండ్ సిస్టమ్) పంపితే కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. ఫజ్ బాగోలేదని అమ్మేసుకున్నవాళ్లలో సగం మందికి ట్వీటర్ తగ్గించుకుంటే, లేదా డీఐకి ముందు స్పీకర్ పెట్టెను అనుకరించే క్యాబ్ సిమ్యులేటర్ పెట్టుకుంటే సరిపోయేదని నా నమ్మకం.

అపోహ: జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఉంటేనే అసలైన ఫజ్.

జెర్మేనియానికి ఒక మెత్తదనం ఉంది, కాదనను. కానీ వేడి పెరిగేకొద్దీ దాని లీకేజీ (ఆగాల్సిన చోట కారే కరెంటు) పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజ్ స్థాయి) జరిగిపోతుంది. ప్రాక్టీసులో ఒకలా, లైట్ల వేడిలో ఇంకోలా మోగుతుంది. పైగా పాత పద్ధతి జెర్మేనియం ఫజ్‌లు చాలావరకు పాజిటివ్ గ్రౌండ్ (ప్లస్ వైపు గ్రౌండ్‌కి కలిపి ఉంటుంది), వాటిని మిగతా పెడల్స్‌తో ఒకే పవర్ తీగకు తగిలించకూడదు. సిలికాన్ ట్రాన్సిస్టర్ నిలకడగా ఉంటుంది. అన్నిచోట్లకూ ఒకటే పెడల్ కావాలనుకునేవాళ్లు ఈ చర్చలో టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

అపోహ: యాక్టివ్ బేస్‌కి (లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్నదానికి) ఫజ్ పడదు.

ఫజ్ ఫేస్ లాంటి పాత సర్క్యూట్ల ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) చాలా తక్కువ. పాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌ను నేరుగా కలిపితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి, బేస్ మీద వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ అందంగా తేటపడుతుంది. మధ్యలో యాక్టివ్ ప్రీయాంప్ గానీ, బఫర్ (సిగ్నల్‌ను విడదీసి బలంగా పంపే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ గానీ, వైర్‌లెస్ గానీ వచ్చిందంటే ఆ బంధం తెగిపోయి శబ్దం గరుకవుతుంది. కాబట్టి అలాంటి ఫజ్ వరుసలో మొదట ఉండాలి. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువున్న ఫజ్‌లకు ఈ పట్టింపు లేదు. యాక్టివ్ బేస్‌తో అవి హాయిగా నడుస్తాయి. అవుట్‌పుట్ మరీ బలంగా ఉంటే బేస్ మీదే కాస్త తగ్గించుకోవాలి, అంతే.

అపోహ: ఎన్ని నాబ్‌లు ఉంటే అన్ని రకాలుగా పనికొస్తుంది.

ఒక నాబ్ తిప్పితే మిగతా నాలుగూ మారిపోయే పెడల్స్ ఉన్నాయి. ఇంట్లో వాటితో గంటలు ఇట్టే గడిచిపోతాయి. స్టేజీ మీద నిన్నటి శబ్దం ఇవాళ దొరకదు. జీ.వెక్స్ సంస్థ ఊలీ మామత్ పెడల్‌ను బేస్‌ను దృష్టిలో పెట్టుకునే చేశారు, నాబ్‌లు నాలుగే. దాని పించ్ నాబ్‌తో స్వరం ఎక్కడ తెగాలో నిర్ణయించుకోవచ్చు. పొట్టి పొట్టి స్వరాలకు, సింథ్ లాంటి శబ్దానికి అలా తెగడం ఎంతో బాగుంటుంది. నెమ్మది పాటలో స్వరం నాలుగు మాత్రలు నిలవాల్సిన చోట రెండో మాత్రకే ఉమ్మినట్టు తెగిపోతే మాత్రం పాట చెడుతుంది. మీరు ఎక్కువగా వాయించేది ఏదో మీకే తెలియాలి.

చాలామంది మర్చిపోయే నాబ్‌లు బేస్ మీదే ఉన్నాయి. టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి నెక్ పికప్‌తో వాయిస్తే అదే ఫజ్ నున్నటి సింథ్ అవుతుంది. బ్రిడ్జి పికప్, పిక్ వాడితే రంపం. ఫజ్‌కి ముందు మీరిచ్చే శబ్దం ఎంత మారితే వచ్చేది అంత మారుతుంది, మీ చేతికి స్పందించే పెడల్ అయితే. గెయిన్ (ఫజ్ మోతాదు) సగానికి తగ్గించినా ఆ పెడల్ బాగా మోగుతోందా అన్నది నాకు నాబ్‌ల లెక్క కన్నా ముఖ్యం.

కొనేముందు నేను చేసేది చెప్తాను. నా సొంత బేస్ తీసుకెళ్తాను. పెడల్ ఆన్‌లో, ఆఫ్‌లో ఒకే ఎత్తులో వినిపించేలా వాల్యూమ్ సరిచేస్తాను, ఎందుకంటే గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే అనిపిస్తుంది. ఓపెన్ ఇ మీటి చివరి వరకు ఎలా ఆరిపోతుందో వింటాను. తర్వాత అదే తీగ మీద ఒక స్వరం, పక్క తీగ మీద దాని పంచమం కలిపి మీటుతాను. కలిసి ఒకటిగా మోగితే సరే, ముద్దగా కొట్టుకుంటుంటే గెయిన్ తగ్గిస్తాను. ఆపైన ఫోన్‌లో డ్రమ్స్, గిటార్లు ఉన్న ట్రాక్ ఒకటి పెట్టి దాని మీద వాయిస్తాను. చివరగా అదే ట్రాక్ మీద వాయించమని వేరొకరికి ఇచ్చి నేను గది అవతలి చివర నిలబడి, ఏ స్వరం మోగుతోందో చెప్పగలుగుతున్నానా అని చూస్తాను.