కొత్త కెర్నల్ అడిగే సామాన్లు

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు.

"తాతయ్యా, లైనక్స్ కొత్త కెర్నల్‌ని మేమే కంపైల్ చేసుకుందామంటే, జీసీసీ పాతదైపోయింది, అది మార్చు, ఇది మార్చు అంటోంది. మాకు కావాల్సింది కెర్నల్ కదా, మిగతావన్నీ ఎందుకు?" అని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. తమ్ముడి కోసం ముందు రెండు మాటలు. కెర్నల్ అంటే కంప్యూటర్ యంత్రాన్నీ అందులోని ప్రోగ్రాములనీ కలిపి నడిపే లైనక్స్ గుండెకాయ. మనుషులు రాసిన సోర్సుని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చడమే కంపైల్ చేయడం, ఆ పని చేసే ప్రోగ్రామే జీసీసీ.

నా చిన్నప్పుడు మా పొలం బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. కరెంటొచ్చాక నాన్నగారు మోటారు కొన్నారు. బిగించి స్విచ్చి వేస్తే బ్రహ్మాండంగా తిరిగింది, నీళ్లు మాత్రం రాలేదు. మోటారే మంచిది కాదని చూడ్డానికొచ్చిన వాళ్లంతా తేల్చేశారు. మెకానిక్ మోటారు జోలికే పోలేదు. పైపు చివరి ఫుట్‌వాల్వు పైకి తీయించాడు. లోపలి తోలు బిళ్ల అరిగి చిరిగిపోయి ఉంది. పోసిన నీళ్లు పోసినట్టే బావిలోకి దిగిపోతున్నాయి. బిళ్ల మార్చాక నీళ్లొచ్చాయి, కానీ సన్నగా. కొత్త పంపు నోటికి పాత పైపు చాలలేదు, అదీ మార్చారు. ఆ సాయంత్రం బోదెలో నీళ్లు పరుగెడుతుంటే మేం పిల్లలందరం వాటి వెంట మడి చివరిదాకా పరిగెత్తాం. ఎండిన మట్టి తడిసిన ఆ వాసన నాకింకా గుర్తే.

కెర్నల్ ఆ మోటారు లాంటిది. దాని చుట్టూ ఉన్న పైపులూ వాల్వులూ దానికి సరిపోవాలి. లైనక్స్ వాళ్లు ఆ జాబితాను కెర్నల్ సోర్సులోనే రాసి పెట్టారు. డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో, ప్రాసెస్ లోపల, చేంజెస్ అనే ఫైలు చూడండి. జీసీసీ, మేక్, బిన్‌యుటిల్స్, ఫ్లెక్స్, బైసన్ లాంటి కెర్నల్‌ని కట్టే పనిముట్లు ఒక్కోటి కనీసం ఏ వెర్షన్ ఉండాలో, మీ దగ్గరున్నది తెలుసుకోవడానికి ఏ కమాండ్ కొట్టాలో పక్కనే ఉంటుంది. కెర్నల్‌లో తప్పు దొరికిందనుకునే ముందు కనీసం ఈ వెర్షన్లకు రండి అని కూడా రాశారు. మా మెకానిక్ చేసిందీ అదే.

కాలం గడిచేకొద్దీ ఆ అంకెలు పెరుగుతాయి. 2021లో వచ్చిన 5.15 కెర్నల్ జీసీసీ 5.1 అయినా ఉండాలంది. 2003 డిసెంబరులో 2.6 వచ్చినప్పుడైతే, మాడ్యూళ్లను, అంటే కావాల్సినప్పుడు కెర్నల్‌కి తగిలించే ముక్కల్ని, ఎక్కించే పాత మాడ్‌యుటిల్స్ దానికి పనికిరాలేదు. దాని బదులు మాడ్యూల్ ఇనిట్ టూల్స్ వేసుకోవాల్సి వచ్చింది.

జాబితా పొడుగు చూసి టెన్షన్ పడకండి. అన్నీ అందరికీ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌ల పక్కన దూర్చే పీసీ కార్డు లేని కంప్యూటర్‌కి దాని సామాను దేనికి? లైనక్స్‌ని సిద్ధం చేసి అందరికీ పంచే ఉబుంటూ, డెబియన్ వాళ్లు అప్‌డేట్‌లో పంపే కెర్నల్ వేసుకునేవాళ్లకు ఈ బెడద ఉండదు, వాళ్లే అన్నీ సరిచూసి పంపుతారు. మీరు సొంతంగా కట్టుకుంటున్నారు కాబట్టి మీరే చూసుకోవాలి. అలా చూసుకోవడం నాకు చాలా నచ్చింది. ఒక్కటి మాత్రం మరిచిపోకండి, పాత కెర్నల్‌ని తీసేయొద్దు. కొత్తది లేవకపోతే కంప్యూటర్ ఆన్ అవ్వగానే వచ్చే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని లోపలికి రావచ్చు.

జాబితాలో బీసీ అని ఒక చిన్న లెక్కల ప్రోగ్రాం ఉంటుంది. కెర్నల్ కట్టడానికి లెక్కల ప్రోగ్రాం ఎందుకా అనిపిస్తుంది. కెర్నల్ గడియారం సెకనుకు 100 సార్లు కొట్టుకోవాలా, 250 సార్లా, 1000 సార్లా అన్నది మనమే ఎంచుకోవచ్చు. ఆ దెబ్బల్ని మిల్లీసెకన్లలోకి మార్చే అంకెల్ని బీసీ ముందే లెక్కగట్టి ఇస్తుంది. ఇంత పెద్ద యంత్రం పుట్టకముందే దాని గడియారానికి ఎవరో కూర్చుని లెక్కలు చేసి పెట్టడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఇప్పుడు కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో ఫైలు అడిగిన వెర్షన్, రెండో గడిలో మీ దగ్గరున్నది. తమ్ముడు దశాంశాలు నేర్చుకుంటున్నాడు కదా, వాడికి ముందే చెప్పు, 4.10 అంటే 4.9 తర్వాత వచ్చింది, దానికంటే చిన్నది కాదు. అది పూర్తయ్యాక సోర్సులో కెర్నల్ అనే ఫోల్డర్ ఉంటుంది, దానిలోని టైమ్ అనే దాంట్లో టైమ్‌కాన్‌స్ట్ అన్న ఫైలు తెరవండి. చిన్నదే. ఆ లెక్కల్లో మీకు ఏం అర్థమైందో నాకు రాయండి.

మీ తాతయ్య