నోరా ఔనోర్ పేరు కొట్టేసిన సంవత్సరం

ఫిలిప్పీన్స్ నటి విల్మా శాంటోస్‌కు, ఆ దేశం కళాకారులకు ఇచ్చే అత్యున్నత గౌరవమైన నేషనల్ ఆర్టిస్ట్ ఇవ్వాలని 2024లో తోటి నటీనటుల సంఘం ఒకటి ప్రతిపాదించింది. దాంతో అక్కడ పాత పేచీ మళ్లీ లేచింది. మాట విల్మాతో మొదలైనా ఆగేది మాత్రం ఆమెకు పోటీ అయిన నటి నోరా ఔనోర్ దగ్గరే. ఇద్దరి అభిమానులూ దశాబ్దాలుగా నువ్వా నేనా అంటున్నవాళ్లే మరి.

చిన్నప్పుడు ఇరిగా ఊరి రైల్వే స్టేషన్‌లో మంచినీళ్లు అమ్మిన నోరా 1967లో పాటల పోటీ గెలిచి సూపర్‌స్టార్ అయిన కథ అక్కడ అందరికీ తెలిసిందే. ఈ గొడవ అర్థం కావాలంటే మాత్రం 2009 నుంచి చూడాలి.

ఈ గౌరవానికి రెండు సాంస్కృతిక సంస్థలు కలిసి పేర్లు ఎంపిక చేస్తాయి, అధ్యక్షుడు ప్రకటిస్తాడు. 2009లో అధ్యక్షురాలు అరోయో ఆ జాబితాలో లేని నలుగురిని సొంతంగా చేర్చారు. వాళ్లలో ఒకరు ఎంపిక చేసే సంస్థల్లో ఒకదానికి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్! జాబితాలో ఉన్న సంగీతకారుడు రామోన్ శాంటోస్ పేరు మాత్రం ఎగిరిపోయింది. కళాకారులు కోర్టుకెక్కారు. 2013లో సుప్రీంకోర్టు ఆ నలుగురి గౌరవాన్ని రద్దు చేసింది. బయటి పేర్లు చేర్చే హక్కు అధ్యక్షుడికి లేదంది. సిఫార్సు చేసిన పేరును ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మాత్రం ఆయన చేతిలోనే ఉంచింది. అసలు మలుపు ఇక్కడే అని నా నమ్మకం.

మరుసటి ఏడాదే ఆ అధికారం నోరా మీద పడింది. రెండు సంస్థలూ ఆమెను సిఫార్సు చేశాయి. అధ్యక్షుడు బెనిగ్నో అకినో ఆరుగురిని ప్రకటించి, ఆమె పేరు పక్కన పెట్టారు. డ్రగ్స్ కేసులో ఆమెకు శిక్ష పడిందని, ఆమెను గౌరవిస్తే జనానికి తప్పుడు సందేశం వెళ్తుందని ఆయన వాదన.

ఆ కేసు 2005 నాటిది. లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్ట్‌లో ఆమె సామానులో మెథ్ అనే మత్తుమందు దొరికింది. కోర్టు ఆమెను జైలుకు కాదు, చికిత్సకు పంపింది. అది పూర్తి చేశాక 2007లో కేసు కొట్టేశారు. అంటే ఆమె నేరస్థురాలని చట్టం తేల్చలేదు. ఒక మనిషి వ్యసనంలో పడి, చికిత్స తీసుకుని బయటపడితే, దాన్ని జీవితాంతం మచ్చగా మోయాలా?

పైగా ఆ గౌరవం ఇచ్చేది నటనకు. 1982 నాటి 'హిమాలా' సినిమా చివర్లో ఆమె ఇసుక దిబ్బ మీద, వేలమంది జనం ముందు నిలబడి, అద్భుతాలనేవి లేవని గొంతు చించుకుని చెబుతుంది. ఎదురుగా ఉన్నవాళ్లంతా అద్భుతం కోసం వచ్చినవాళ్లే. సన్నటి, పొట్టి మనిషి. ఆ జనసముద్రంలో మన చూపు ఆమె మీంచి కదలదు. 2010లో జపాన్‌లో చేయించుకున్న సౌందర్య చికిత్స వికటించి పాట గొంతు పోయింది. అయినా రెండేళ్లకే 'దై వూంబ్' సినిమాతో ఆసియా పసిఫిక్ స్క్రీన్ అవార్డుల్లో ఉత్తమ నటి అయింది. సిఫార్సు చేసినవాళ్లు చూసింది ఇదీ.

2018 జాబితాలోనూ ఆమె లేదు. 2022 జూన్‌లో, పదవి దిగేముందు, అప్పటి అధ్యక్షుడు డుటెర్టే ఆమె పేరు ప్రకటించారు. 'హిమాలా' రచయిత రికీ లీ పేరూ అందులోనే ఉంది. ఆమె 2025 ఏప్రిల్ 16న, 71 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ప్రభుత్వ లాంఛనాలతో వీరుల శ్మశానంలో ఖననం చేశారు. ఆ గౌరవం చేతిలో ఉన్నది మూడేళ్లు కూడా కాదు.

విల్మా పేరును ఆ రెండు సంస్థలూ సిఫార్సు చేసినా, ఆఖరి సంతకం అధ్యక్షుడిదే.