'కానూన్' సినిమా చూసి చాలామంది నమ్మేసిన సంగతులు: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర జూనియర్ లాయర్‌గా చేరిన ప్రతి ఒక్కరికీ చూడమని చెప్పే సినిమా 'కానూన్'. 1960లో బి.ఆర్. చోప్రా హిందీలో తీశారు. ఒక్క పాట కూడా లేదు. అశోక్ కుమార్ జడ్జి, రాజేంద్ర కుమార్ కైలాష్ అనే లాయర్. ఇంత మంచి సినిమాను ఇప్పుడు తలుచుకునేవాళ్లే తక్కువ. కానీ అందులోని ఒక ప్రశ్నను మాత్రం సినిమా పేరు తెలియనివాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు.

అపోహ: ఒకణ్ణి చంపాడని జైలుకెళ్లి వచ్చాక, ఆ మనిషి బతికే ఉన్నాడని తెలిసి నిజంగానే చంపేస్తే మళ్లీ శిక్ష వెయ్యలేరు.

సినిమా మొదలయ్యేదే దీంతో. గణపత్‌ను చంపాడని కాళిదాస్ పదేళ్లు జైల్లో ఉంటాడు. బయటికొచ్చాక నిజంగా చంపుతాడు. "శిక్ష ముందే అనుభవించేశాను కదా" అని బోనులోంచి నిలదీస్తాడు. కాళిదాస్‌గా జీవన్ నటన చూస్తుంటే అతని మాటే న్యాయం అనిపిస్తుంది.

వాస్తవం: రాజ్యాంగంలోని 20(2) అధికరణ ఒకే నేరానికి రెండోసారి విచారించి శిక్షించడాన్ని ఆపుతుంది. చనిపోయింది ఒకే మనిషి అయినంత మాత్రాన నేరం ఒకటే అయిపోదు. మొదటి ఛార్జిషీటులోని తేదీ వేరు, సంఘటన వేరు. అసలు ఆ హత్య జరగనే లేదు. పదేళ్ల తర్వాత జరిగింది కొత్త నేరం. ఇదే మాట చెప్పే పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 300వ సెక్షన్ గానీ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 337 గానీ అతన్ని కాపాడవు. అన్యాయంగా పోయిన పదేళ్లకు పరిహారం కోసం కొట్లాడొచ్చు. అంతేగానీ అవి ఇంకో ప్రాణానికి అడ్వాన్సు కింద జమ కావు.

అపోహ: నేరం కళ్లారా చూసిన లాయరే వాదిస్తే కేసు గెలిచినట్టే.

సినిమాలో కైలాష్ ఒక హత్యను చాటునుంచి చూస్తాడు. చంపింది తనకు కాబోయే మామగారు, ఆ జడ్జిగారేనని అనుకుంటాడు. దొంగతనానికి వచ్చిన కాలియా ఆ కేసులో ఇరుక్కుంటే, అతని తరఫున కైలాషే వాదిస్తాడు.

వాస్తవం: తాను సాక్షి అయ్యే కేసులో లాయర్ వకాల్తా తీసుకోకూడదని, అంటే వాదించడానికి ఒప్పుకోకూడదని, లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. ఆ నియమాలు ఈ సినిమా తర్వాత వచ్చినవే. అయితే ఎప్పుడైనా సరే, లాయర్ వాదనలో చెప్పేది సాక్ష్యం కాదు. కైలాష్ నల్లకోటు విప్పి, బోనెక్కి, ప్రమాణం చేసి, ఎదుటి లాయర్ వేసే ప్రశ్నలకు (క్రాస్‌కు) నిలబడాలి. అప్పుడే అతను చూసింది కోర్టు రికార్డులోకి వస్తుంది.

అపోహ: సెషన్స్ జడ్జి ఉరి అన్నారంటే ఇక అంతే.

వాస్తవం: హైకోర్టు ఖరారు చేస్తేగానీ అమలు కాదు. సినిమా వచ్చిన రోజుల్లోనూ ఇదే రూలు.

కాలియాగా చేసిన నానా పల్సీకర్‌కు ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. ఆయన మొహంలోని భయం మా కోర్టు వరండాలో నాకు రోజూ కనిపిస్తుంది. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదని పేద నిందితులు తలొంచుకుని కూర్చుంటారు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ రాస్తే చాలు.